హోమ్‌లో ఉన్న మనవాళ్ళకి పగలు ఎలా గడుస్తోంది? చూడడం, అడగడం, మార్చడం ఎలా

మంచం ఉంది, మూడు పూటలా అన్నం పెడుతున్నారు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డాక్టరు అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతున్నాడు. దివ్యాంగుల హోమ్ గానీ, లాంగ్ స్టే ఆసుపత్రి గానీ చూడ్డానికి వెళ్ళిన కుటుంబాలు చాలావరకు ఇంతవరకే చూసి అడ్వాన్సు కట్టేసి వస్తాయి. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు, అప్పటికే ఇంట్లో అందరూ అలిసిపోయి ఉంటారు. కానీ ఏళ్ళ తరబడి మనిషి ఉండాల్సిన చోటు ఎలాంటిదో తెలియాలంటే పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్య అక్కడ ఏం జరుగుతుందో చూడాలి. నా లెక్కలో మిగతావన్నీ దాని తర్వాతే. ఆ ఆరు గంటలూ గోడకి ఆనుకుని కూర్చున్నవాడు ఆరు నెలల్లో మాట తగ్గిస్తాడు, సంవత్సరానికి నడక తగ్గిస్తాడు, ఆ తర్వాత "వాడి జబ్బే అంత" అనేస్తారు.

మా తమ్ముడు ఇలాంటి చోటే ఉంటున్నాడు కాబట్టి నాకు ఇవన్నీ తెలిశాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండే కుటుంబాలని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మీ మనిషిది బుద్ధిమాంద్యం కావచ్చు, సెరిబ్రల్ పాల్సీ కావచ్చు, వెన్నెముక దెబ్బ తిని కాళ్ళు పడిపోయి ఉండొచ్చు, ఎప్పటినుంచో ఉన్న స్కిజోఫ్రీనియా కావచ్చు. ఒక్కోదానికి చట్టం వేరు, మందులు వేరు, కానీ పొద్దు గడవకపోవడం మాత్రం అందరికీ ఒకటే.

చేర్చేముందు ఒక్కసారి ఆగండి

రాత్రింబవళ్ళు బయట ఉంచాల్సిందేనా, లేక పగలు ఎవరైనా చూసుకుంటే చాలా? చాలా ఇళ్ళలో అసలు సమస్య పగలే. అమ్మానాన్న పొలానికో కూలికో పోవాలి, అన్నదమ్ములు ఉద్యోగాలకి పోవాలి, పగలు మనిషిని చూసేవాళ్ళుండరు. అలాంటప్పుడు ముందు పగటి కేంద్రాల గురించి అడగండి. బడి వయసు పిల్లలైతే మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం, సర్కారు విద్యా పథకం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది, ఎంఈవో ఆఫీసులో చెప్తారు. నెల్లూరులో సీఆర్‌సీ, అంటే దివ్యాంగుల పునరావాస కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ కింద పనిచేస్తుంది. అక్కడికి వెళ్తే థెరపీ, పరీక్షలు, ఉపకరణాల సంగతి ఒకే చోట మాట్లాడొచ్చు. పదేళ్ళు దాటినవాళ్ళకి పగటిపూట కేంద్రాలు నడిపే సంస్థలకి నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ దిశ-కమ్-వికాస్ అనే పథకం కింద డబ్బులిస్తుంది, మీకు దగ్గర్లో అలాంటిది ఏదైనా ఉందేమో జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అడగండి. పింఛను కూడా లెక్కలోకి తీసుకోండి. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి 15,000. ఆ పదిహేను వేలతో పల్లెటూళ్ళో పగటిపూట ఒక మనిషిని పెట్టుకోవడం అసాధ్యమేం కాదు.

ఇవేవీ కుదరవు, ఉంచక తప్పదు అనుకుంటే దగ్గర్లో వెతకండి. మానసిక జబ్బుకి మన రాష్ట్రంలో పేరున్న సర్కారు పెద్దాసుపత్రి విశాఖపట్నంలో ఉంది, నెల్లూరు నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. చెన్నై కీల్పాక్‌లోని మానసిక ఆసుపత్రి అందులో మూడో వంతు దూరం కూడా ఉండదు, అందుకే మనవాళ్ళు చెన్నై, వేలూరు రైళ్ళెక్కేస్తారు. వైద్యానికైతే ఎంత దూరమైనా పోండి. ఉండడానికి మాత్రం మీరు బస్సెక్కి వెళ్ళి అదే రోజు ఇంటికి తిరిగి రాగలిగిన చోటు చూడండి. గొప్ప హోమ్ దూరంగా ఉండి సంవత్సరానికి రెండుసార్లు పోవడం కంటే, ఓ మోస్తరు హోమ్ కందుకూరులోనో కావలిలోనో ఉండి నెలకి రెండుసార్లు మీ మొహం కనపడడం మేలు. ఎవరూ రాని మనిషి వంతు అన్నిట్లోనూ చివరికే వస్తుంది, స్నానం దగ్గర్నుంచి. చేదుగా ఉంటుంది కానీ నిజం.

కాగితాలు, తొందరగా ముగించేద్దాం

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎక్కడ తగిలించారో చూపించమనండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదు, సర్టిఫికెట్ కనపడే చోట పెట్టాలి. మానసిక జబ్బు ఉన్నవాళ్ళని ఉంచుకునే చోటైతే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద రిజిస్టరై ఉండాలి. "ఆఫీసులో ఉందమ్మా, సార్ వచ్చాక చూపిస్తాం" అంటే సార్ వచ్చినప్పుడే మళ్ళీ వెళ్ళండి.

మానసిక జబ్బుకి కుటుంబం ద్వారా చేర్చినప్పుడు గడువులుంటాయని చాలామందికి తెలియదు. మొదటిది 30 రోజులు. ఆ పైన ఉంచాలంటే 90 రోజులు, తర్వాత 120, ఆ తర్వాత 180 రోజుల చొప్పున, ప్రతిసారీ మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతితో. ఇంట్లోవాళ్ళు తీసుకుపోవట్లేదన్న ఒక్క కారణంతో ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. సంతకం పెట్టే ముందు ఇది ఎలాంటి అడ్మిషన్, ఎన్నాళ్ళకి అని అడిగి తేదీ రాసుకోండి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఈ నాలుగింట్లో ఏదైనా ఉంటే రెండు పనులు పక్కన పెట్టకండి. ఒకటి నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీకి కూడా వర్తిస్తుంది. రెండోది, మనిషికి 18 దాటితే కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ దగ్గర సంరక్షకుల కోసం దరఖాస్తు. అమ్మానాన్న బతికుండగానే చేసేయండి, తర్వాత అన్నదమ్ముల మధ్య పెద్ద తలనొప్పి అవుతుంది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు

ఒకసారి ఫోన్ చేసి వెళ్ళండి, ఒకసారి చెప్పకుండా వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళే రోజు ఆదివారం అయితే ఇంకా మంచిది, ఎందుకంటే సిబ్బంది తగ్గేది ఆ రోజే. పదకొండు గంటలకో, మధ్యాహ్నం మూడుకో వెళ్ళండి. భోజనాల వేళ వెళ్ళకండి, ఆ సమయంలో ఏ హోమ్ అయినా కళకళలాడుతుంది.

ముందు వాసన. ఫినాయిల్ ఘాటు మరీ ఎక్కువగా ఉందంటే మీరొస్తున్నారని ఇప్పుడే కడిగారు. మూత్రం వాసన పాతబడి పరుపుల్లోంచి వస్తుంటే రోజూ జరుగుతున్నది అదే. తర్వాత గోళ్ళు చూడండి, మనుషుల చేతి గోళ్ళు. గోళ్ళు తీసే తీరిక ఉన్న చోట మిగతావాటికీ తీరిక ఉంటుంది. వేళ్ళ సందుల్లో గోకుడు మచ్చలుంటే గజ్జి తిరుగుతోందని అర్థం, ఒక్కరికే మందు రాసి ఊరుకుంటే అది పోదు, హాల్లో అందరికీ ఒకేసారి రాసి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎప్పుడు చేశారో అడగండి.

బాత్రూమ్‌కి తలుపుందా? లోపల గడియ ఉందా? నవ్వకండి, చాలా చోట్ల ఉండవు, "భద్రత కోసం" అంటారు. బయటనుంచి కూడా తీయగలిగే గడియలు దొరుకుతాయి, కాబట్టి ఆ సాకు చెల్లదు. పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉండాలి, నేల జారకూడదు. ప్రతి మంచం పక్కనా తాళం వేసుకునే చిన్న పెట్టె ఉందేమో చూడండి, మనిషికి తనదంటూ ఒక అర లేకపోతే ఇంటినుంచి మీరు పంపిన సబ్బు కూడా మర్నాటికి ఊరందరిదీ అవుతుంది. బట్టలు ఎవరివి వాళ్ళవేనా, ఉతికిన కుప్పలోంచి ఏది చేతికొస్తే అది తొడుగుతున్నారా? అందరికీ ఒకే రకంగా గుండు చేసి ఉన్నారా? మానసిక ఆరోగ్య చట్టం 20వ సెక్షన్ బలవంతంగా గుండు చేయకూడదనీ, యూనిఫాం వేసుకుని తీరాలని ఒత్తిడి చేయకూడదనీ, ఇష్టమైతే సొంత బట్టలే వేసుకోవచ్చనీ, ఆడవాళ్ళకి నెలసరి రోజుల్లో కావాల్సినవి అందాలనీ పేరు పెట్టి మరీ చెప్పింది. గొలుసులు ఏ రూపంలోనైనా నిషేధం. ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడం కూడా నిషేధమే.

రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో తప్పకుండా అడగండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తెల్లవారుజామున నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. అందుకే కిటికీ కడ్డీలు, రెండో దారి, రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారు, ఆడవాళ్ళ హాల్లో రాత్రి ఆడమనిషే ఉంటుందా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగాలి. మనకి వచ్చిన చిక్కే ఈ మొహమాటం, డబ్బు కట్టేది మనమైనా అడగాలంటే గొంతు పెగలదు.

ఇక టీవీ. హాల్లో టీవీ పెట్టి ఉంది, ముప్పై మంది కూర్చున్నారు, కానీ ఒక్కరూ చూడట్లేదు. ఈ దృశ్యం కనపడితే ఇన్‌చార్జిని అడగండి, "నిన్న ఈ టైముకి ఏం చేయించారు?" అని. "ఏమేం చేయిస్తారు" అని అడిగితే యోగా, మ్యూజిక్, గార్డెనింగ్ అని గడగడా చెప్పేస్తారు. నిన్న అనగానే ఆగిపోతారు. మూలనున్న క్యారమ్ బోర్డు మీద దుమ్ము కూడా ఒక జవాబే.

చేర్చేటప్పుడు ఇవ్వాల్సిన ఒక పేజీ

మందుల చీటీ అందరూ ఇస్తారు. దాంతోపాటు మనిషి గురించి ఒక పేజీ రాసివ్వండి, పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఆయాలు చదవగలిగేట్టు. ఏమని పిలిస్తే పలుకుతాడు. అన్నం ఏ చేత్తో తింటాడు, గింజలుంటే గొంతులో అడ్డం పడుతుందా. దేనికి భయం. కోపం వచ్చేముందు ఏం చేస్తాడు, అప్పుడేం చేస్తే చల్లబడతాడు. నొప్పి వస్తే ఎలా చెప్తాడు, ఇది చాలా ముఖ్యం, మాట రానివాళ్ళలో కొందరు పన్ను నొప్పికి కూడా తల గోడకేసి కొట్టుకుంటారు, అది పిచ్చి అనుకుని మత్తుమందు పెంచేస్తారు. ఇంట్లో ఏ పని చేసేవాడు. ఈ చివరిది మరిచిపోకండి, పగటి కార్యక్రమం అంతా దాని మీదే కట్టాలి.

మా తమ్ముడి పేజీలో "బిందె నింపి పెడతాడు, ఒలకకుండా" అని రాశాం. అదేం పని అనిపిస్తుంది. కానీ హోమ్‌లో మొక్కలకి నీళ్ళు పోసే పని వాడికి వచ్చింది దానివల్లే.

మూర్ఛలుంటే ఎన్ని నిమిషాలు ఉంటుంది, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని రాయండి. బట్టలన్నిటికీ లోపలివైపు దారంతో పేరు కుట్టండి, పెన్నుతో రాస్తే రెండు ఉతుకులకి పోతుంది.

పగటి ప్రణాళిక మీరే మొదలుపెట్టండి

హోమ్ వాళ్ళు చేయాల్సిన పని ఇది, నిజమే. కానీ ఎనభై మందికి ఆరుగురు ఆయాలున్న చోట "మీరెందుకు చేయించరు" అంటే గొడవ తప్ప ఏమీ రాదు. మీ ఒక్క మనిషి కోసం, రోజుకి రెండు పనులు, వాటితో మొదలుపెట్టండి. ఇన్‌చార్జితో కూర్చుని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి రాయించండి. నెల తర్వాత అవి జరుగుతున్నాయా చూడండి. కొత్తవి అప్పుడు చేర్చొచ్చు.

పని ఎలా ఎంచుకోవాలి? అది నిజంగా ఎవరికైనా పనికొచ్చేది కావాలి. పెద్దవాళ్ళ చేత చిన్నపిల్లల బొమ్మలకి రంగులేయించడం, పూసలు గుచ్చించి సాయంత్రం విప్పేసి మళ్ళీ గుచ్చించడం, ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నలభై ఏళ్ళ మనిషికి ఆ మాత్రం తెలియదా, తను చేసింది ఎవరూ వాడట్లేదని? మన ఊళ్ళలో చేతికి దొరికే పనులు బోలెడు. వేసవిలో చింతపండు గింజలు తీయడం, వేరుశనక్కాయలు వలవడం, మల్లెలు, కనకాంబరాలు కట్టడం, విస్తరాకులు కుట్టడం, కాగితం కవర్లు అతికించడం, కరివేపాకు దూయడం, ఉతికిన బట్టలు మడిచి ఎవరివి వాళ్ళ మంచం మీద పెట్టడం. చివరిది అన్నిటికంటే మంచిది అంటాను, ఎందుకంటే దాంట్లో నడక ఉంది, పేర్లు గుర్తుపెట్టుకోవడం ఉంది, ప్రతి మంచం దగ్గరా ఒక పలకరింపు ఉంది.

ఒక పని మొత్తం చేయలేకపోతే ముక్కలు చేయండి. పూలు కట్టడమే తీసుకోండి. దారం పట్టుకోవడం, రెండు పూలు ఎదురెదురుగా పెట్టడం, ముడి వేయడం, మూర కొలవడం, తడిగుడ్డలో చుట్టడం. చేతులు వణికే మనిషి ముడి వేయలేడు, కానీ పూలు జతలుగా పెట్టగలడు. ఒంటిచేత్తో పనిచేసేవాడు మూర కొలిచే చెక్క పట్టుకోగలడు. చూపు లేనివాళ్ళు చాలామంది మనకంటే బాగా కడతారు. అలా ముగ్గురు కలిస్తే ఒక దండ, సాయంత్రానికి పక్కనున్న గుళ్ళో ఇచ్చి రావచ్చు. ఆ ఇచ్చి రావడం కూడా పనిలో భాగంగానే పెట్టండి, గేటు దాటడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఇక్కడ ఒక గీత ఉంది. హోమ్ వంటగదిలో పాత్రలన్నీ తోమించడం, పక్క హాలు బాత్రూమ్‌లు కడిగించడం, కవర్లు చేయించి బజార్లో అమ్ముకుని ఆ డబ్బు ఊసే ఎత్తకపోవడం, ఇవి యాక్టివిటీ కిందకి రావు. మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పని బలవంతంగా చేయించకూడదు, చేస్తే తగిన డబ్బు ఇవ్వాలి. అమ్మే సరుకు ఉంటే పుస్తకంలో ఎవరికి ఎంత రాశారో చూపించమనండి. నెలకి వంద రూపాయలైనా సరే, చేతికి ఇచ్చి, టీ కొట్టు దాకా నడిపించి, తనకి కావాల్సింది తననే కొనుక్కోనివ్వాలి.

ఎంపిక అనేది చిన్నచిన్న వాటిలో పెట్టాలి. "ఏం చేస్తావు?" అని అడిగితే చాలామంది జవాబివ్వలేరు, ఏళ్ళుగా వాళ్ళని ఎవరూ అడగలేదు. రెండు చూపించండి. నీలం చొక్కానా, తెల్లదా? ఇడ్లీలోకి కారప్పొడా, పచ్చడా? మాట రాకపోతే రెండు వస్తువులూ చేతిలో పెట్టి చూపు ఎటు పోతుందో చూడండి. కొన్నాళ్ళకి మూడోది అడగడం మొదలుపెడతారు, అప్పుడు ఆయాలు విసుక్కుంటారు, "ఇదివరకు ఏది పెట్టినా తినేవాడమ్మా" అని. మీకు మాత్రం సంతోషపడాల్సిన విషయమే.

ఆటలకి ఖర్చు లేదు. అష్టాచెమ్మా, వైకుంఠపాళీ, పులిజూదం నేలమీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకి బల్ల మీద గీయండి. పాతకాలం మనుషులైతే మనకంటే వాళ్ళకే బాగా వచ్చు, నేర్పించమని అడగండి.

బయటికి తీసుకెళ్ళడం గురించి. సంవత్సరానికోసారి వ్యాన్ కట్టించుకుని మైపాడు తీసుకెళ్ళి ఫొటోలు దిగి రావడం మంచిదే, కాదనను, అయితే ఇసుకలో మామూలు వీల్‌చైర్ చక్రాలు దిగబడిపోతాయి, గట్టి ఇసుక ఉండే అలల దగ్గరి దాకా మోయడానికి మనుషులు కావాలి, మంచినీళ్ళు, గొడుగులు, మార్చే బట్టలు కావాలి. ఒంగోలు వైపు వాళ్ళకి కొత్తపట్నం, అక్కడా అంతే. నా ఓటు మాత్రం వారం వారం జరిగే చిన్న ప్రయాణాలకి. వారపు సంతకి వెళ్ళి కొత్తిమీర కట్ట బేరమాడడం. మంగలి షాపుకి వెళ్ళి కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటూ క్షవరం చేయించుకోవడం. హోమ్‌లో వరసగా కూర్చోబెట్టి మిషన్ పెట్టి లాగించేసేదానికీ దీనికీ తేడా, తిరిగొచ్చాక మనిషి నడకలోనే కనపడుతుంది.

ఎండలు, మందులు

మన జిల్లాల్లో మే నెల సంగతి చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. కానీ మానసిక జబ్బుకి మందులు వాడేవాళ్ళకి ఆ ఎండ ఇంకో రకంగా ప్రమాదం. ఒలాంజపిన్, క్లోజపిన్, క్లోర్‌ప్రోమజిన్ లాంటివీ, చేతుల వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అంటే పాసిటేన్ లాంటివీ ఒంటిని చల్లబరుచుకునే శక్తిని తగ్గిస్తాయి, కొన్ని చెమటనే ఆపేస్తాయి. లిథియం వాడేవాళ్ళకి నీళ్ళు తగ్గితే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరిగిపోతుంది, చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. అలా కనపడితే డాక్టరు దగ్గరికి ఆ రోజే తీసుకుపోవాలి. మందులు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరునే అడగండి.

హోమ్‌లో చేయాల్సింది ఏమిటంటే, దాహం అని అడగలేనివాళ్ళకి గంటగంటకీ గ్లాసు పట్టుకెళ్ళి ఇవ్వడం, పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పనులన్నీ ఆపి పొద్దున ఆరున్నరకో, సాయంత్రం అయిదున్నరకో జరపడం, పై అంతస్తు రేకుల కింద ఎవర్నీ పడుకోబెట్టకపోవడం. మజ్జిగ, రాగి జావ పోయొచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకీ, గుండె జబ్బుతో నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళకీ మాత్రం డాక్టరు చెప్పిన లెక్కే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం, కరెంటు రెండు రోజులు పోతే మోటారు, ఎయిర్ బెడ్ ఎలా నడుస్తాయో, పది రోజుల మందులు చేతిలో ఉన్నాయో లేదో సెప్టెంబరులోనే అడిగి పెట్టుకోండి.

మంచం దిగలేనివాళ్ళకి

వీళ్ళని పగటి కార్యక్రమం నుంచి పూర్తిగా వదిలేస్తారు. మొదటి పని మంచం జరపడం. గోడ వైపు ఉన్న మొహాన్ని కిటికీ వైపో, వరండా వైపో తిప్పించండి, పైసా ఖర్చు లేదు. వీలైతే రోజుకి రెండుసార్లు, భోజనం సమయాల్లో, కుర్చీలో కూర్చోబెట్టమనండి. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా వస్తుంది, కూర్చోబెట్టి తినిపించి, తిన్నాక ఒక అరగంట అలాగే ఉంచాలి.

రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానేస్తారు, అది కుదరదు. మీరు వెళ్ళినప్పుడు మడమలు, నడుము కింద, తుంటి దగ్గర చర్మం చూడండి. ఎర్రగా లేదా నల్లబారి ఉన్న చోట వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. ఫొటో తీసి తేదీతో ఉంచుకోండి, సిస్టర్‌కి అప్పుడే చూపించండి.

రేడియో ఇష్టమా, ఎవరి పాటలు ఇష్టం, పేజీలో రాయండి. ఒక చెవికి మాత్రమే పెట్టే ఇయర్‌ఫోన్ ఇవ్వండి, రెండూ మూసేస్తే పిలుపు వినపడదు. చేతులు పనిచేస్తే మంచం మీదే చింతపండు పళ్ళెం పెట్టొచ్చు. ఏమీ చేయలేకపోయినా హాజరు పిలిచే పని, ఈ రోజు కూర ఏమిటో అందరికీ చెప్పే పని, ఇలా గొంతుతో చేసేవి ఉంటాయి.

మీరు వెళ్ళినప్పుడు ఏం మాట్లాడాలి

"బాగున్నావా నాయనా? అన్నం పెడుతున్నారా?" అంటే "ఆఁ" అంటారు, ఆయా పక్కనే ఉంటుంది కాబట్టి. చెట్టు కిందకి తీసుకుపోయి మాట్లాడండి. నిన్న సాయంత్రం ఎవరి పక్కన కూర్చున్నావు? స్నానం ఎవరు చేయించారు? కొత్తగా ఎవరైనా వచ్చారా? ఇలా అడిగితే బయటికి వస్తుంది. మాట రానివాళ్ళైతే ఒక ప్రత్యేకమైన మనిషి దగ్గరికి రాగానే ఒళ్ళు బిగబట్టడం, కొత్త గాయాలు, బరువు తగ్గడం గమనించండి. నెలనెలా బరువు తూచి రాయమని మొదట్లోనే చెప్పండి.

ఆయాలతో మర్యాదగా ఉండండి. వాళ్ళ జీతం ఎంతో తెలిస్తే మీకే జాలేస్తుంది. "అమ్మా, మీరు చూసుకుంటున్నారనే ధైర్యంగా ఉంటున్నాం" అని మనస్ఫూర్తిగా అని, పండక్కి చీరో, అరిసెలో ఇవ్వండి. తప్పు కనపడితే మాత్రం ఊరుకోవద్దు, రెండూ కలిపేయకండి.

తప్పు కనపడితే ముందు ఇన్‌చార్జికి కాగితం మీద, తేదీతో, నకలు మీ దగ్గర ఉంచుకుని. కదలిక లేకపోతే ఏడీ ఆఫీసుకి, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి. కొట్టారు, కట్టేశారు, ఆకలితో ఉంచారు అంటే ఆగకండి, పోలీసులకి 112. దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి, అంటే మన తహసీల్దారుకో, ఆర్డీవోకో నేరుగా చెప్పొచ్చు, కాపాడే ఉత్తర్వు ఇచ్చే అధికారం వాళ్ళకుంది. లాయరు ఖర్చు గురించి టెన్షన్ పడకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దివ్యాంగులకి లాయరు సాయం ఉచితం, న్యాయ సహాయానికి దేశమంతటా ఉన్న నంబరు 15100. మానసిక ఒత్తిడి మీకే ఎక్కువైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. చూసుకునేవాళ్ళు కూడా చేయొచ్చు.

పింఛను డబ్బు, పండగ సెలవులు

మనిషి హోమ్‌లో, పింఛను ఊళ్ళో. ఒకటో తారీఖు సచివాలయం వాళ్ళు ఇంటికొస్తే మనిషి ఉండడు, వేలిముద్ర పడదు. చేర్చేముందే సచివాలయంలో అడిగి, పింఛను హోమ్ ఉన్న ఊరికి మార్పించాలా, ఏం చేయాలో తేల్చుకోండి. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు నోటీసులు ఇంటి అడ్రసుకే వచ్చాయి, అలాంటివి చూసుకునే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, ఆధార్ నకళ్ళు హోమ్‌లో, ఒరిజినళ్ళు మీ దగ్గర. పింఛను మొత్తం ఫీజులో కలిపేసుకుంటామంటే కొంతైనా మనిషి చేతి ఖర్చుకి ఉంచమని రాయించుకోండి, ఆ డబ్బు వాళ్ళది, హోమ్‌ది కాదు, మనదీ కాదు.

ఆరోగ్యం కుదుటపడ్డవాళ్ళు ఎప్పటికీ హోమ్‌లోనే ఉండాలనేం లేదు. చెన్నైలో ది బాన్యన్ అనే సంస్థ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి ఉండిపోయిన మానసిక జబ్బు వాళ్ళని నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్ళలో ఉంచి, తోడుగా ఒక మనిషిని పెట్టి చూస్తోంది. వాళ్ళే వండుకుంటారు, వాళ్ళే బజారుకి పోతారు. 2016 చట్టం 5వ సెక్షన్ కూడా దివ్యాంగులకి సమాజంలో అందరితోపాటు బతికే హక్కు ఉందనే చెప్తుంది. మన దగ్గర అలాంటి ఇళ్ళు రావాలంటే ముందు అడిగేవాళ్ళుండాలి, హోమ్‌లో ఉన్నవాళ్ళ కుటుంబాలు నాలుగు కలిసి కలెక్టరుకి ఒక అర్జీ పెట్టినా మొదలైనట్టే.

అప్పటిదాకా సంక్రాంతికో, తిరునాళ్ళకో, ఇంట్లో పెళ్ళికో నాలుగు రోజులు తీసుకురండి. మొదటిసారి రెండు రోజులు చాలు. మందులు ఒక రోజు ఎక్కువగా లెక్కపెట్టి తెచ్చుకోండి, పొద్దుటివి, రాత్రివి వేరువేరు కవర్లలో. చుట్టాలందరికీ ముందే చెప్పండి, "ఏరా నన్ను గుర్తుపట్టావా" అని మీద పడిపోవద్దని. హోమ్‌లో చేసే పని ఇంట్లోనూ ఒకటి అప్పజెప్పండి, ముగ్గుకి పిండి పట్టుకోవడమో, విస్తళ్ళు వేయడమో. తిరిగి దిగబెట్టేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తారో తేదీ చెప్పి, క్యాలెండర్‌లో వాళ్ళ చేతే గుండ్రం చుట్టించండి. ఆ తేదీ తప్పకండి. తప్పేట్టుంటే ఫోన్ చేసి వాళ్ళతోనే మాట్లాడండి, ఆఫీసులో చెప్పి పెట్టేయకండి.